తుడిచేవాళ్లని అడిగావా?

నేను ఇంజనీరింగ్‌లో చేరాక మా నాన్న నన్ను అడిగిన మొదటి సాంకేతిక సలహా ఇది: "పాపా, కారు సీట్లకి ఏటి వేయిద్దాం?"

అప్పటికి నాది రెండో సంవత్సరం, మెకానికల్. అంతకుముందు సెమిస్టర్‌లోనే మెటీరియల్ సైన్స్ పాసయ్యాను. నాన్న పదకొండేళ్లు వేరేవాళ్ల కారు నడిపి, ఆ ఏడాదే అప్పు చేసి సొంతంగా ఒక సెకండ్‌హ్యాండ్ సెడాన్ కొన్నాడు. విశాఖ నుంచి అరకు, లంబసింగి, శ్రీకాకుళం... పెళ్లికైనా ఆసుపత్రికైనా ఎవరు ఎక్కడికి పిలిస్తే అక్కడికి. కారులో ఉన్నవి గుడ్డ సీట్లు. పాత ఓనరు ఇంట్లో చిన్నపిల్లలు ఉండేవారని ఆ సీట్లే చెప్పేవి. ఎండెక్కేకొద్దీ పాలు విరిగిన వాసన పైకొచ్చేది. మార్చక తప్పదు.

గాజువాక ఆటోనగర్‌లో సీట్లు కుట్టే భాయ్ దగ్గరికి నన్ను తీసుకెళ్లాడు నాన్న. "మా పాప ఇంజనీరింగు. తను ఏది చెప్తే అదే వెయ్యి భాయ్" అన్నాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. కొంచెం ఏడుపు కూడా.

భాయ్ షాపులో గోడ పొడుగునా చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. ఒకవైపు రెగ్జిన్, ఒకవైపు గుడ్డ, మధ్యలో మెత్తగా వెన్నలా ఉండే పీయూ లెదర్. నా చెయ్యి నేరుగా మధ్యలోకి వెళ్లింది. బేజ్ రంగు. కూర్చునే చోట గాలి ఆడటానికి సన్నటి చిల్లులు. దాని మీద డైమండ్ కుట్టు. ఫోన్‌లో చూసిన పెద్ద పెద్ద కార్లన్నీ అలాగే ఉన్నాయి మరి. రెగ్జిన్ కంటే ధర దాదాపు రెట్టింపు.

భాయ్ ఒక్క మాట అన్నాడు. "పాపా, ఇది ఇంటి కారుకి బాగుంటది. ఇది తిరిగే బండి కదా."

"రెగ్జిన్ వేసవిలో కాలిపోతుంది భాయ్, దీనికి బ్రీతబిలిటీ ఉంటుంది" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. నాన్న అడ్వాన్స్ ఇచ్చేశాడు. పాత గుడ్డ విప్పి, వాసన పట్టిన ఫోమ్ మార్చి, కొత్తది బిగించారు. కారు మెరిసిపోయింది. వీధిలో అందరూ చూశారు. నాన్న డోర్ తీసి మరీ చూపించాడు.

రెండు నెలలకే తెలిసొచ్చింది, మన దేశంలో అందరూ జీన్స్ వేసుకుంటారని. జీన్స్‌కి రంగు ఇండిగోతో వేస్తారు. అది దారంలోకి పూర్తిగా దిగదు, పైపైనే పట్టుకుని ఉంటుంది. అందుకే రుద్దుకున్నచోటల్లా వదులుతుంది. లేత రంగు సీటు మీద కూర్చుంటే, అందులోనూ చెమట పట్టి ఉంటే, సీటుకి అంటుకుంటుంది. మా బేజ్ సీటు అంచుల్లో నీలం మచ్చలు లేచాయి. హెడ్‌రెస్ట్ మీద కొబ్బరినూనె. కుట్ల సందుల్లో మరమరాలు, వేరుశనగ పొట్టు. అమ్మ వారానికి రెండుసార్లు పాత టూత్‌బ్రష్ తీసుకుని ఆ డైమండ్ గళ్లలో గీకేది. నేను హాస్టల్లో ఉండేదాన్ని కాబట్టి నాకు ఫొటోలే తెలుసు. ఫొటోల్లో సీటు బాగానే ఉండేది.

రెండో వానాకాలానికి సీటు పొరలు పొరలుగా రాలడం మొదలైంది. మొదట డ్రైవర్ సీటు అంచు. నాన్న రోజుకి ఇరవై ముప్పై సార్లు దిగుతూ ఎక్కుతూ రాసుకునే చోటు. ఎండకి ఒలిచిపోయిన చర్మంలా పెచ్చులు లేచి, నాన్న తెల్ల చొక్కాకి అంటుకునేవి. పీయూలో చాలా రకాలు ఉన్నాయి. చవకగా దొరికే పాలిస్టర్ రకం పీయూని తేమ మెల్లగా తినేస్తుంది. నీటి అణువులు పాలిమర్ గొలుసులో బంధాల్ని తెంచేస్తాయి. పుస్తకంలో దీన్ని జలవిశ్లేషణ అంటారు, హైడ్రాలిసిస్. వేడి, తేమ రెండూ తోడైతే మరీ వేగంగా జరుగుతుంది. విశాఖలో ఆ రెండింటికీ కొదవేముంది? నేను పరీక్షలో ఈ ప్రశ్నకి జవాబు రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ షాపులో నిలబడి సీటు చూస్తున్నప్పుడు ఆ పేజీ గుర్తుకే రాలేదు.

అసలు సంగతి ఆ ఆగస్టులో జరిగింది. సెలవులకి నేను ఇంట్లోనే ఉన్నాను.

అరకు దగ్గర ఊరి నుంచి ఒక మామ్మని, ఆవిడ కొడుకు విశాఖ పెద్దాసుపత్రికి తీసుకొస్తున్నాడు. బేరం నాన్నది. అనంతగిరి ఘాట్ దిగుతుండగా మామ్మకి కడుపులో తిప్పి వాంతి అయ్యింది. ఆ కంగారులో, ఆ నీరసంలో బట్టల్లోనే మూత్రం కూడా పోయింది. నాన్న పక్కకి ఆపాడు. కొడుకు తల్లిని ఏదో కసిరాడట. మామ్మ ఏమీ మాట్లాడకుండా, తన కొంగు తీసుకుని సీటు తుడవబోయిందట. తుడిచేకొద్దీ చిల్లుల్లోంచి లోపలికే దిగుతోంది. "వద్దు మామ్మా, లెగు, నే సూసుకుంటాను" అని నాన్న ఎంత చెప్పినా వినలేదట. చీర తడిసి, చేతులు వణుకుతూ, తుడుస్తూనే ఉందట.

రాత్రి తొమ్మిదికి నాన్న ఇంటికొచ్చాడు. ముగ్గురం కారు చుట్టూ చేరాం. పైన తుడవడం పది నిమిషాల పని. లోపలికి దిగినదాన్ని ఏం చేస్తాం? నీళ్లు పోస్తే అవీ అదే దారిలో దిగుతాయి. అప్పుడు కూర్చుని లెక్కేశాను. కుట్టుకీ కుట్టుకీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు. వెనక సీటు కూర్చునే భాగంలో డైమండ్ గీతలన్నీ కలిపి సుమారు పన్నెండు మీటర్లు. అంటే మూడువేల సూది రంధ్రాలు. ఇక గాలి ఆడటానికి నేను ముచ్చటపడి ఎంచుకున్న చిల్లులు వేరే. కింద ఉన్నదేమో స్పాంజి. దాని పనే పీల్చుకోవడం.

ఆగస్టు వానల్లో ఫోమ్ ఆరలేదు. మూడు రోజులు బండి ఇంటి ముందే ఉంది. నెల కంతు మాత్రం ఆగదు కదా. వంటసోడా చల్లాం, వెనిగర్ నీళ్లతో తుడిచాం, టేబుల్ ఫ్యాన్ పెట్టాం. వాసన తగ్గినట్టే తగ్గి, తలుపులు మూస్తే మళ్లీ వచ్చేది.

రెండో రోజు అమ్మ టూత్‌బ్రష్ పట్టుకుని సీటు మీద వంగి ఉంది. నేను పక్కన నిలబడి టార్చి పడుతున్నాను. తలెత్తకుండానే అంది: "దీన్ని కొనేటప్పుడు తుడిచేవాళ్లని అడిగావా?"

కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

నాన్నకి మాత్రం సీటు కంటే మామ్మే ఎక్కువ గుర్తుంది. భోజనం దగ్గర, "పాపం, ముసలావిడ ఎంత సిగ్గుపడిపోయిందో" అన్నాడు. కాసేపాగి, "నాకూ లోపల విసుగొచ్చింది పాపా. పైకి అన్లేదు గానీ, కొత్త సీటు పోయిందే అనుకున్నాను. ఆవిడకది తెలిసిపోయింటది" అన్నాడు.

నాకు అన్నం సహించలేదు. మా నాన్న మంచివాడు. రోగుల దగ్గర వెయిటింగ్ చార్జీ తీసుకోడు. అలాంటి మనిషికి ఒక ముసలావిడ మీద విసుగు తెప్పించింది నేను ఎంచిన సీటు. ఆ తర్వాత నేను గమనించిన విషయం ఒకటుంది. నిండు గర్భిణి చెయ్యెత్తితే ఆపని ఆటోలు, తాగినవాడిని ఎక్కించుకోని కార్లు, వాంతులవుతున్న పిల్లాడిని చూసి "వేరే బండి చూసుకోండమ్మా" అనే డ్రైవర్లు ఉన్నారు కదా, వాళ్లందరూ రాతి గుండెల వాళ్లేమీ కాదు. చాలామంది భయం సీటు గురించి. ఒక మనిషిని ఎక్కించుకుంటే మూడు రోజుల బేరం పోతుందంటే ఎంత మంచివాడైనా లెక్క చూసుకుంటాడు.

దసరా సెలవుల్లో మళ్లీ భాయ్ దగ్గరికి వెళ్లాం. ఈసారి ముందుగా నేను ఒక్కదాన్నే వెళ్లి, "భాయ్, ముక్కలు ఇస్తారా?" అని అడిగాను. ఆయన నవ్వి, కత్తిరింపుల సంచి ముందుకి తోశాడు. ఆరు రకాలు తెచ్చుకున్నాను: పల్చటి రెగ్జిన్, మందం రెగ్జిన్, రెండు రకాల పీయూ, పాలిస్టర్ గుడ్డ, వెల్వెట్‌లా ఉండే ఇంకో గుడ్డ.

సీటు గుడ్డల అరుగుదల కొలవడానికి మార్టిండేల్ అని ఒక యంత్రం ఉంటుంది. నమూనాని ఉన్నిగుడ్డతో వంపులు తిరుగుతూ వేలసార్లు రుద్ది, ఎన్ని రుద్దులకి పాడైందో లెక్కపెడతారు. మా ఇంట్లో అది లేదు కాబట్టి ఇటుకకి తడి జీన్స్ గుడ్డ చుట్టి ఒక్కో ముక్కని ఐదువందల సార్లు రుద్దాను. తమ్ముడు లెక్కపెట్టాడు, మధ్యలో రెండుసార్లు తప్పాడు. ఆ తర్వాత ప్రతి ముక్క మీదా కొబ్బరినూనె, బాల్‌పెన్ను ఇంకు, కాఫీ, నిన్నటి సాంబారు. ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే తుడవడం. రెండేసి ముక్కలు డాబా మీద రెండు వారాలు ఎండకి.

అన్నిటికంటే పేచీ పెట్టింది సాంబారులో పసుపు. పసుపు రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నూనెతో కలిసి గుడ్డ లోపలికంటా వెళ్లిపోతుంది. సబ్బు రాస్తే పోవడం మాట అటుంచి, ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తాం చూడండి, అదే సంగతి. సబ్బులో క్షారం ఉంటుంది. అమ్మ చూసి, "ఎండలో పెట్టు, అదే పోతాది" అంది. నిజమే, పసుపు రంగు వెలుతురుకి విరిగిపోతుంది. కానీ కారు సీటుని దండెం మీద ఆరేయలేం కదా.

మిగతా ఫలితాలు ఇవీ. గుడ్డలు రెండూ సాంబారు దగ్గరే ఓడిపోయాయి. లేత పీయూ జీన్స్ రంగు పట్టింది. పల్చటి రెగ్జిన్ మడత పెడితే మడతలో తెల్లగా చారపడింది, ఎండలో ఉంచినది ఇంకాస్త బిరుసెక్కింది. రెగ్జిన్ అంటే ఇప్పుడు మనకి దొరికేది గుడ్డ మీద పీవీసీ పూత. పీవీసీ స్వతహాగా గట్టిది, నీళ్ల పైపులు దానితోనే చేస్తారు. ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలిపితేనే మెత్తబడుతుంది. ఎండకి ఆ పదార్థం నెమ్మదిగా బయటికొచ్చేస్తుంది. కొత్త కారు వాసనలో దానికీ వాటా ఉంది, అద్దం లోపలివైపు పట్టే జిడ్డు పొరలోనూ ఉంది. అది పోయేకొద్దీ సీటు బిరుసెక్కి పగులుతుంది. అందుకే రెగ్జిన్‌ని పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడవకూడదు. మచ్చతో పాటు మెత్తదనాన్ని కూడా లాగేస్తాయి. కాస్త షాంపూ కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ, తర్వాత ఉత్త నీళ్ల గుడ్డ. అంతే.

నిలబడింది మందం రెగ్జిన్. వెనకవైపు సాగే అల్లిక గుడ్డ ఉన్నది. ముదురు కాఫీ రంగు. తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే సాంబారు కూడా దాదాపుగా పోయింది. ఏడాదిన్నర క్రితం నేను ముక్కు ముడిచిన చుట్ట అదే.

రెగ్జిన్ మొదట్లో ఇంగ్లండులోని హైడ్ అనే ఊళ్లో ఒక కంపెనీ తయారుచేసిన సరుకు పేరు. అప్పట్లో పూత పీవీసీ కాదు, నైట్రోసెల్యులోజ్. ఇప్పుడు మనకి తోలులా కనిపించే ప్రతి గుడ్డా రెగ్జినే. మన స్లీపర్ బోగీల్లో నీలం బెర్తుల మీద ఉన్నదీ ఆ జాతిదే. ఆ బెర్తు మీద ఎన్ని కుటుంబాలు పులిహోర తిన్నాయో, ఎందరు పిల్లలు పక్క తడిపారో ఆలోచించండి. అక్కడ వెల్వెట్ ఎందుకు వేయలేదో అర్థమవుతుంది. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల నడిచే బార్ట్ రైళ్లలో ఉన్నిగుడ్డ సీట్లు ఉండేవి. 2011లో ఒక వార్తాసంస్థ పరీక్ష చేయిస్తే, ఒక సీటులో మలానికి సంబంధించిన బ్యాక్టీరియా సహా ఏవేవో బయటపడ్డాయి. తర్వాతి ఏళ్లలో ఆ ఉన్ని తీసేసి, తుడిస్తే శుభ్రమయ్యే వినైల్ వేశారు. వినైల్ అంటే మన పీవీసీనే. అంత పెద్ద సంస్థ కూడా మా దారిలోనే తిరిగొచ్చిందని తెలిసి కాస్త ఊరట కలిగింది.

సరుకు ఎంచితే సగం పనే అయింది. మిగతా సగం కుట్టు. ఈసారి నేను చెప్పలేదు, భాయ్‌ని అడిగాను. ఆయనే చెప్పాడు: కూర్చునేచోట కుట్టు ఉండకూడదు, మధ్య భాగం ఒకే ముక్క రావాలి. అతుకులన్నీ పక్కలకి, కిందికి పోవాలి. అక్కడ పైపింగ్ వేస్తే అంచు అరగదు. ఫోమ్‌కీ రెగ్జిన్‌కీ మధ్య మందపాటి ప్లాస్టిక్ షీటు వెయ్యాలి. వెనక సీటు కింద కవర్‌కి జిప్పు పెడితే అవసరమైనప్పుడు విప్పొచ్చు. "సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసున్న బళ్లకి మాత్రం ఆ పక్క మూసి కుట్టకూడదు పాపా, సమయానికి అది తెరుచుకోవాలి" అని కూడా చెప్పాడు. ఇవన్నీ మొదటిసారే చెప్పొచ్చు కదా అని అడగబోయి ఆగిపోయాను. మొదటిసారి ఆయన్ని మాట్లాడనిచ్చింది ఎవరు?

ఇక వేడి సంగతి. నేను మొదట చెప్పింది అబద్ధం కాదు. మే నెలలో రెగ్జిన్ మీద కూర్చుంటే వీపు అంటుకుపోతుంది, ముదురు రంగు ఇంకా కాలుతుంది. దానికి పరిష్కారం అమ్మది. పెద్ద ఆఫీసర్ల కార్లలో సీటు మీద తెల్ల తువ్వాళ్లు పరుస్తారు, చూశారా? అది హోదా కోసం అనుకునేదాన్ని. అమ్మ పాత నూలు దుప్పట్లు కత్తిరించి, నాడాలు కుట్టి, రెండు జతల పరుపులు చేసింది. ఒక జత సీటు మీద, ఒక జత దండెం మీద. చెమట పీల్చే పని నూలుది, నీళ్లు ఆపే పని రెగ్జిన్‌ది. నేను రెండు పనులూ ఒకే సరుకు చేత చేయించబోయాను, అందుకే చిల్లులు పెట్టించాను.

మిత్రులారా, మనలో చాలామందిమి రేపు ఏదో ఒకటి డిజైన్ చేస్తాం. మెటీరియల్ సెలక్షన్ అని ఒక పట్టిక వేస్తాం. బలం, బరువు, ధర, రూపం. "క్లీన్ చేయడం తేలిక" అని ఒక గడి కూడా ఉంటుంది, అందులో టిక్కు పెడతాం. చేసేది ఎవరు, దేనితో, ఎంతసేపట్లో, ఏ వెలుతురులో అనేది ఆ గడిలో పట్టదు. మీ ఇంట్లో ఎప్పుడైనా సీటు కవర్లు కొంటే మెత్తగా ఉందా అని చేత్తో నిమిరే ముందు ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. దాని మీద సాంబారు పొయ్యండి. పొద్దున్నే మీరే తుడవండి, అమ్మ చేత తుడిపించకండి.

మొన్న ఫిబ్రవరిలో నాన్న ఫోన్ చేశాడు. చివరి సెమిస్టర్ ఇంటర్నల్స్, హాస్టల్లో చదువుకుంటున్నాను.

"పాపా, ఆ మామ్మ గుర్తుందా? ఘాట్‌లో... ఈరోజు మళ్లీ వాళ్ల బేరమే. ఆసుపత్రికి చూపించుకోడానికి."

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉంది, కాస్త చిక్కింది. కారు తలుపు తీసి కూడా ఎక్కలేదు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ గోనె, పాత చీర తీసింది. ఇంటి దగ్గర్నుంచే మడత పెట్టుకుని తెచ్చుకుంది పాపా. అది సీటు మీద పరిచి కూర్చుంటానంటది."

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఏడాదిన్నరగా ఆవిడ ఆ సంగతి మర్చిపోలేదు.

"నువ్వేమన్నావు నాన్నా?"

"అవన్నీ సంచిలో పెట్టేసీ మామ్మా, ఇది రెగ్జినూ, ఏటీ కాదు, కూర్చో అన్నాను. చేత్తో రుద్ది చూసింది. కూర్చుంది. ఎస్.కోట దాటేసరికి నిద్రపోయింది."